వూఫర్ మీద చెయ్యి

జులై 3, గురువారం

ఈయనకు ఉన్నట్టుండి ఇంట్లో ఇంటర్నెట్ కావాలట. పెద్ద టీవీ కావాలట. సౌండ్ డబ్బాలు కూడా.

పొద్దున బడి బస్సు తీసుకుని పోయి, సాయంత్రం తెచ్చి పక్క ఖాళీ జాగాలో నిలబెట్టి, తిని పడుకునే మనిషి. వార్తలు తప్ప ఏమీ చూడరు. అవి కూడా సగం చూసి గుర్రు పెడతారు. ఎందుకిదంతా అని ఎదురుగా కూర్చుని అడిగాను. పళ్లెంలోకి చూస్తూ — "మౌనిక కొరకు. పరీక్షలకు సదువుకుంటది."

మా బిడ్డ మౌనిక తూప్రాన్‌లో మందుల కంపెనీలో పని చేస్తుంది. అక్కడే హాస్టల్. ఆదివారం తప్ప ఇంటికి రాదు. వారానికి ఒక్క పూట చదువుకు గోడంత టీవీనా?

ఏదో ఉంది.

జులై 4

మౌనికకు ఫోన్ చేశాను. "నేనెప్పుడు అడిగిన్నే? నా ఫోన్ల నెట్ ఉన్నది గద."

అడగలేదు. అంటే అబద్ధం. నా కన్నబిడ్డ పేరు అడ్డం పెట్టుకుని.

జులై 6, ఆదివారం

కేబుల్ సత్తయ్య వచ్చాడు. ఈ వాడకట్టులో ఇంటింటికీ నల్ల వైరు గుంజింది ఇతడే. ఇప్పుడు అదే చేత్తో ఆ వైరు పీకేసి ఫైబర్ గుంజుతున్నాడు. అప్పుడూ నవ్వాడు, ఇప్పుడూ నవ్వుతున్నాడు. మధ్యలో మునిగేది మనమే.

"వదినా, ఏడాదిది ఒక్కసారి తీసుకుంటే నెట్ డబ్బా ఫ్రీ. లైఫ్‌టైం."

"ఎవల లైఫ్‌టైం? నీదా, నాదా, డబ్బాదా?"

"అబ్బ వదినా, నువ్వు పోలీసులల్ల ఉండాల్సింది."

స్పీడు గురించి అరగంట చెప్పాడు. నేను చూసే సీరియల్‌లో కోడలు మెట్లు దిగడానికే వారం పడుతుంది, దానికి స్పీడెందుకు అన్నాను. ఈయన మాత్రం ఏమీ బేరం ఆడలేదు. సత్తయ్య మొహంలోకే కళ్లార్పకుండా చూస్తూ, ప్రతి మాటకూ తల ఊపారు. కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కొసరు కోసం కొట్లాడే మనిషి! పోతూ పోతూ సత్తయ్య — "నా బిడ్డ అక్షిత అన్న బస్సులనే బడికి పోవట్టె. మీ ఇంట్ల మోసం జేస్తనా వదినా?" అన్నాడు.

మోసం మాట తనే ఎత్తాడు. గుర్తు పెట్టుకోవాలి.

జులై 8

చౌరస్తా దగ్గరి షాపులో టీవీ తీసుకున్నాం. వాన. ఆటోలో సగం తడిసింది పెట్టె, సగం నేను.

షాపులో జరిగింది రాసి పెట్టుకోవాలి. అన్ని టీవీలు వదిలేసి ఈయన అన్నిటికన్నా పెద్దదాని ముందు నిలబడ్డారు. "మనుషుల మొహాలు పెద్దగ కనవడాలె." ఎవరి మొహాలు? ఇంకోటి — "మాట్లాడేటప్పుడు కింద అక్షరాలు వస్తయా?" అని రెండుసార్లు అడిగారు. తెలుగు మాటలకు కింద తెలుగు అక్షరాలు ఏం చేసుకుంటారు? నేను అడిగితే "ఊకె అడిగిన" అన్నారు. ఊకె అడిగే మనిషి కాదు.

షాపు అతను రిమోట్ చూపించాడు. దాంట్లో మాట్లాడితే టీవీ వింటుందట.

"ఇంట్ల మేం మాట్లాడేదంత ఇంటదా?"

"లేదమ్మా, గీ బటన్ ఒత్తినప్పుడే."

"ఒత్తనప్పుడు ఇనదని నీకెట్ల ఎర్క?"

అతను నవ్వి బిల్లు రాయడం మొదలుపెట్టాడు. గోడలకు చెవులుంటాయని అమ్మ అనేది. ఇప్పుడు గోడకు తగిలించేదానికి కూడా. ఇంటికి రాగానే రిమోట్ మీద ఉన్న చిన్న రంధ్రానికి బొట్టుబిళ్ల అంటించాను. ఎర్రది. ఇక వినమను.

జులై 9

మధ్యాహ్నం ఆరు జాకెట్లకు హుక్సులు. వెనక గదిలో ఉన్న ఈయన్ను మూడుసార్లు పిలిచాను, దారపు రీలు అందించమని. పలకలేదు. వెళ్లి మొహం మీద మొహం పెట్టి అడిగితే అదే పాత మాట — "నీ మిషన్ సప్పుడుల ఏం ఇనవడ్తది?"

పోయిన నెలే కుట్టు మిషన్‌కు కొత్త మోటారు పెట్టించాను. ఇప్పుడు పిల్లి నడిచినట్టు నడుస్తుంది. అయినా సాకు మారలేదు. "చెవిటోని ముంగట శంఖం ఊదినట్టున్నది నా బతుకు" అన్నాను. నవ్వారు. ఆ నవ్వు కూడా కొంచెం ఆలస్యంగా వచ్చింది.

చివరికి ఎప్పటిలాగే కత్తెర తీసి మిషన్ ఇనుప స్టాండు మీద ఠంగుమని కొట్టాను. వెంటనే వచ్చారు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన అలవాటు ఇది. పాత మిషన్ మోతలో నా గొంతు నాకే వినబడేది కాదు. ఒక్క దెబ్బ కొడితే ఇటు రమ్మని. రెండు కొడితే అన్నం వడ్డించానని. వాడకట్టులో అందరికీ తెలుసు. యాదగిరిని పెళ్లాం కత్తెరతో నడుపుతుందని నవ్వుతారు కూడా.

జులై 10

ఫోన్ బోర్లా పెడుతున్నారు. ఇదివరకు ఎక్కడ పడితే అక్కడ పడేసేవారు.

పైగా ఫోన్లో మాట్లాడటం మానేశారు. ఎవరు ఫోన్ చేసినా కట్ చేసి టైపు కొడతారు. వేళ్లు లావు, ఒక్కో అక్షరానికి ఒక్కో యుగం. అయినా టైపే. ఇంట్లో వాళ్లు వినకూడని మాటలకేగా టైపు కొట్టేది?

జులై 11, శుక్రవారం

సత్తయ్య వైరు తెచ్చాడు. గోడకు రంధ్రం వేసి, పెచ్చులన్నీ నా కొత్త చీర ఫాల్ మీద రాల్చాడు. డబ్బా మీద నీలం లైటు వెలిగితే నెట్ వచ్చినట్టు, ఎర్రది వెలిగితే తనకు ఫోన్ చేయాలట. ఎర్రదే ఎక్కువ వెలుగుతుందని పక్కింటామె ముందే చెప్పింది.

టీవీ ఎక్కడ పెట్టాలని గొడవ. నేను కిటికీ ఎదురుగా అన్నాను. ఈయన వినలేదు. తలుపు పక్క గోడకే ఉండాలట. "టీవీ జూస్తుంటె తలుపు గూడ కనవడాలె." గేటుకు కెమెరా కూడా పెట్టిస్తారట, ఎవరైనా వస్తే టీవీలో బొమ్మ వచ్చేటట్టు.

ఎవరొస్తారు? ఎవరి కోసం ఆ కాపలా? అప్పులవాళ్లా... ఇంకెవరైనానా?

జులై 12

చదివాను. తప్పే. చదివాను.

ఈయన స్నానానికి పోయినప్పుడు ఫోన్లో మెసేజ్ మోగింది. రజియా పేరు. బస్సులో ఆయా. పిల్లలను ఎక్కించి దించేది ఆమే. మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చింది, రంజాన్‌కు షీర్ ఖుర్మా కూడా తెస్తుంది.

"సోమవారం సంది నేను ముందట మీ పక్కన కూసుంట. ఎవ్వరికి చెప్పకుండ్రి. అక్కకు గూడ."

నాలుగుసార్లు చదివాను. అక్క అంటే నేనే.

అన్నంలో ఉప్పు వేయలేదు. ఈయన మాట్లాడకుండా తిన్నారు. ఉప్పు లేదని అనలేదు. దొంగకు తేలు కుట్టినట్టు.

జులై 13, ఆదివారం

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

సత్తయ్య సౌండ్ డబ్బాలు బిగించడానికి వచ్చాడు. ఒకటి పెద్ద నల్ల డబ్బా — వూఫర్. రెండు చిన్న స్పీకర్లు. మౌనిక కూడా ఉంది. ముందు పెద్ద డబ్బా కలిపాడు. చిన్నవాటి వైర్లు ఇంకా అతని మెడలోనే వేలాడుతున్నాయి. టీవీ సొంత సౌండు ఆపేశాడు. తెర మీద ఎవరో అమ్మాయి నోరు తెరిచి పాడుతోంది. పాట లేదు, మాట లేదు. పెద్ద డబ్బా మాత్రం ధుమ్... ధుమ్... అని కొట్టుకుంటోంది, అంతే.

ఈయన కుర్చీ జరుపుకుని వూఫర్ మీద అరచెయ్యి పెట్టారు. కళ్లు తెర మీదే. సత్తయ్య ఎదురుగా వచ్చి చేత్తో ఎట్లుందని సైగ చేశాడు.

"మస్తున్నది సత్తయ్యా. పాట సాఫ్ ఇనవడ్తున్నది. ఒక్కొక్క మాట."

డబ్బా ఒక్కటే ధుమ్ అంటోంది.

"పాటెక్కడిదన్నా? ఇంక వైర్లే పెట్టకపోతి" అని సత్తయ్య నవ్వాడు. ఈయన అటు తిరగలేదు. తల ఊపుతూనే ఉన్నారు, తాళానికి. వేళ్లతో డబ్బా మీద దరువు వేస్తూ. మౌనిక కూడా నవ్వింది — "బాపు జోక్ జేస్తున్నడు."

జోక్ కాదు. ముప్పై ఏళ్లు కాపురం చేసినదాన్ని, జోక్ మొహం నాకు తెలుసు.

సత్తయ్య నవ్వు మధ్యలో ఆగింది. నా వైపు చూశాడు. నేను చాయ్ పెడతానని లోపలికి పోయాను.

జులై 14, సోమవారం

పరీక్ష పెట్టాను. సాయంత్రం ఆయన టీవీ చూస్తుంటే వెనక నిలబడి, మామూలు గొంతుతో —

"మౌనికకు సంబంధం వచ్చింది."

పలకలేదు.

"పిల్లగాడు దుబాయ్‌ల ఉంటడట. ఎల్లుండే లగ్గం. నీకు చెప్పొద్దన్నరు."

తెర మీద అక్షరాలు చదువుకుంటున్నారు. పెదవులు కదులుతున్నాయి, బడి పిల్లాడివి కదిలినట్టు.

"రజియాకు నీకు ఏమున్నది?"

అది కూడా అన్నాను. గట్టిగానే అన్నాను. వీపు కదల్లేదు.

కత్తెర తీసి స్టాండు మీద కొట్టాను. వెంటనే తిరిగారు. "ఏందే?" అన్నారు, ప్రేమగా.

గట్టి చప్పుడు అందుతుంది. మాట అందదు. ఎన్నాళ్లుగా? నా కత్తెరే నాకు తెలియకుండా చేసింది. గొంతుతోనే పిలుస్తూ ఉంటే ఎప్పుడో తెలిసేది.

జులై 15

కెమెరా ఎందుకో తెలిసింది. తలుపు కనబడాలని ఎందుకన్నారో తెలిసింది. ఫోన్‌లో టైపు ఎందుకో. షాపులో అక్షరాలు ఎందుకో. పది రోజులుగా ఒక్కొక్కటి ఏరి దొంగతనమని మూట కట్టుకున్నాను. మూట విప్పితే ఉన్నది ఇది.

రజియా మెసేజ్ ఒక్కటే ఇంకా విప్పలేదు.

ఆయన బస్సు నడుపుతారు. దాని నిండా పిల్లలు. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇంతసేపు పట్టింది.

జులై 16, బుధవారం

రజియా ఇంటికి పోయాను. నన్ను చూడగానే కొంగు సర్దుకుంది. నేను ఏమీ అడగకముందే ఏడ్చింది.

"పరేషాన్ గాకు అక్కా. నువ్వనుకునేది కాదు."

"నేనేమనుకున్ననో నీకెట్ల ఎర్క?"

"మొగని ఫోన్ల నా పేరు జూస్తె ఏ ఆడిదన్న గదే అనుకుంటది."

చెప్పింది. బస్సు అంటే మామూలుగా ఆయా వెనక తలుపు దగ్గర నిలబడి రైట్ రైట్ అని, ఆపు అని అరుస్తుంది. డ్రైవర్ ఆ గొంతును బట్టి నడుపుతాడు. పోయిన చలికాలం కుల్చారం దిక్కు ఒక ఊళ్లో ఒక పిల్ల దిగుతుంటే బ్యాగు పట్టీ తలుపు గడియకు చిక్కుకుంది. రజియా ఆపుమని అరిచింది. బస్సు కదిలింది. ఇంకా అరిచింది. కదులుతూనే ఉంది. ఏం చేయాలో తోచక బస్సు రేకును అరచేత్తో దబామని కొట్టింది. ఆగింది. పిల్లకు ఏమీ కాలేదు, మోకాలు గీసుకుంది అంతే.

"అప్పటి సంది మాట బంద్ జేసినం అక్కా. రేకు మీద ఒక్క దెబ్బ — ఆగు. రెండు — పోనియ్యి. అందరు నాకు కొత్త షోకు అనుకున్నరు."

ఒకటి ఆగు, రెండు పోనియ్. ఇంట్లో కత్తెర, బస్సులో రేకు. ఆయన ఇద్దరాడవాళ్ల దెబ్బల మీద బతుకుతున్నారు.

"మరి గిప్పుడు ముందటెందుకు కూసున్నవ్?"

"వానకాలం గద. వాన సప్పుడుల రేకు దెబ్బ గూడ అందుతలేదు. పక్కన కూసుంటె భుజం తడ్తున్న."

"నువ్వు ముందట కూసుంటె ఎనక డోర్ కాడ ఎవలున్నరు?"

రజియా కింద చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని — "ఆయన మెల్లగ నడుపుతడక్కా. ఊళ్లె ఏ డ్రైవర్ గంత పైలంగ నడపడు. ఆయన పోతె ఎవడో తాగుబోతోన్ని తెస్తరు. నన్ను గూడ తీసేస్తరు. జర ఆలోచించు."

ఆలోచించాను, నడుచుకుంటూ వచ్చేదాకా. ఆమె చెప్పింది అబద్ధం కాదు. వెనక తలుపు దగ్గర ఎవరూ లేరన్నది కూడా అబద్ధం కాదు.

జులై 17, గురువారం

ఈ రోజు అడగాలనుకున్నాను. ఎలా? గట్టిగా అరిచి అడిగితే వాడకట్టంతా వింటుంది, ఆయన తప్ప. ఎదురుగా కూర్చుంటే పళ్లెంలోకి చూస్తారు.

వచ్చి స్నానం చేసి టీవీ ముందు కూర్చున్నారు. చెయ్యి వూఫర్ మీద. నేను రిమోట్ తీసుకున్నాను. బొట్టుబిళ్ల గోటితో గీకేశాను. షాపతను చూపించిన బటన్ ఒత్తి నోటి దగ్గర పెట్టుకుని, మంచి తెలుగులో, మెల్లగా అన్నాను.

టీవీ విన్నది. అక్షరం పొల్లుపోకుండా రాసింది, తెరంత పెద్దగా —

మీకు వినపడటం లేదు కదా

చెయ్యి వూఫర్ మీంచి తీసేశారు. తిరగలేదు. మళ్లీ బటన్ ఒత్తాను.

నాతో ఎందుకు చెప్పలేదు

దాని కింద టీవీ తనకు తోచినవి ఏవో బొమ్మలు పెట్టింది. చెవి డాక్టర్లు, భార్యాభర్తల గొడవలు, ఒక వంకాయ కూర. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయన ఆ అక్షరాలు పోయేదాకా చూసి, నా వైపు తిరిగారు. కళ్లు ఎర్రగా.

"రజియా చెప్పిందా?"

కాదన్నట్టు తల అడ్డంగా ఊపి వూఫర్ వైపు చూపించాను. అర్థమైంది. సిగ్గుపడ్డారు. ఆ సిగ్గు చూడలేకపోయాను.

తర్వాత ఆయనే చెప్పారు. పోయిన ఏడాది దవాఖానాకు పోయారట, నాకు కుల్చారం పోతున్నానని చెప్పి. రెండు చెవులకూ మిషన్ పెట్టుకోవాలన్నారట. "మిషన్ జూస్తె బడోళ్లు ఊకుంటరా? తెల్లారి దిగుమంటరు. స్టీరింగ్ తప్ప నాకేం ఎర్కనే?"

"మరి టీవీ?"

నా పెదవుల వైపు చూసి అందుకున్నారు. "పెద్ద టీవీల పెదవులు పెద్దగ కనవడ్తయి. కింద అక్షరాలు, మీద పెదవులు. రోజు జూస్తే మొహం జూసి మాట పట్టొచ్చు. నేర్సుకుంటున్న. శానా వచ్చింది."

మౌనిక చదువుకు కాదు. ఈయన చదువుకు. ఈ వయసులో, నాకు తెలియకుండా, తెర ముందు కూర్చుని మాటలు నేర్చుకుంటున్నాడు నా మొగుడు. ఎంత ప్రేమ పొంగిందో అంత కోపం వచ్చింది. భుజం మీద కొట్టాను. రెండు దెబ్బలు.

మొహం చూపించి, మెల్లగా అన్నాను — "బస్సు ఆపు."

ఆ రెండు ముక్కలూ బాగానే చదివారు. "ఈ ఒక్క ఏడు ఎల్లనియ్" అని టీవీ వైపు తిరిగిపోయారు. ఇక నేనేమన్నా ఆయనకు చేరదు. వినకూడదనుకున్నప్పుడు ఆయనకు అదొక సుఖం.

జులై 18

నెట్ డబ్బా మీద ఎర్ర లైటు. నెట్ లేదు. సత్తయ్యకు ఫోన్ చేయలేదు. చేయాలని లేదు.

జులై 19, శనివారం

పిలవకుండానే వచ్చాడు సత్తయ్య. లైటు నీలంగానే ఉంది అప్పటికి.

"స్పీడ్ చెక్ జేద్దామని వచ్చిన వదినా."

రెండు వారాలుగా నేను అందరినీ అనుమానించాను. ఇతని కళ్లలో ఇప్పుడు నా కళ్లే కనబడ్డాయి. ఈయన టీవీ ముందు ఉన్నారు. సత్తయ్య నెట్ డబ్బా దగ్గరికి పోలేదు. ఈయన వీపు వెనక నిలబడ్డాడు. మెల్లగా, నా వైపు చూస్తూనే —

"యాదన్నా."

నా చెయ్యి నన్ను అడగలేదు. కత్తెర ఠంగుమంది. ఈయన తిరిగారు, సత్తయ్యను చూశారు, నవ్వారు. "ఎప్పుడొచ్చినవ్ సత్తయ్యా? కూసో."

సత్తయ్య కత్తెరను చూశాడు. నన్ను చూశాడు. కూర్చోలేదు. "స్పీడ్ మంచిగనే ఉన్నది" అన్నాడు, ఫోన్ జేబులోంచి తీయకుండానే.

గేటు దాకా పోయాను. చెప్పు తొడుక్కుంటూ తల ఎత్తకుండా అన్నాడు — "మా అక్షిత ఎనక డోర్ పక్క సీట్ల కూసుంటదట వదినా. కిటికీ కావాలని పంచాయితి. అన్నకు ఏం లేదు గద?"

"ఏముంటది? మిషన్ సప్పుడుకు ఇనవడదు గంతే."

మిషన్ ఆగి ఉంది. ఇద్దరికీ వినబడుతోంది అది ఆగి ఉన్నట్టు.

"నీ మాట మీద పంపిస్తున్న" అని పోయాడు.

మోసం మాట మొదట ఎత్తింది అతడు. చేసింది నేను.

జులై 20, ఆదివారం

మౌనికకు చెప్పాను. "చెవులకు మిషన్ పెట్టుకుంటె అయిపాయె గద బాపూ, కండ్లద్దాల లెక్క" అని మొహం ఎదురుగా చెప్పింది. ఆయన వినబడనట్టు కూర్చున్నారు. ఈసారి నిజంగా మాట అందింది.

సాయంత్రం మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి ఆట చూపించారు. సౌండు మొత్తం తీసేశారు, అక్షరాలు కూడా. తెర మీద వార్తలు చదివే ఆమె పెదవులు చూస్తూ ఆమె చెప్పేది చెప్పారు. "వానలు... రెండు రోజులు... ఉత్తర దిక్కు..." తర్వాత సౌండు పెట్టి చూస్తే సరిగ్గా అదే. మౌనిక చప్పట్లు కొట్టింది. ఆయన మొహం — మౌనిక పుట్టిన రోజు ఉన్నట్టు ఉంది.

నేనూ కొట్టాను చప్పట్లు. కానీ అనుకున్నాను, ఎదురుగా మొహం ఉంటే అందుకుంటారు. బస్సులో పిల్లలందరూ ఆయన వీపు వెనకే ఉంటారు.

జులై 21, సోమవారం

వాన. పొద్దున్నే మొదలైంది, రేకుల మీద ఒకటే మోత.

ఆయన లేవకముందే మేకుకున్న బస్సు చాబీ తీశాను. మిషన్ సొరుగులో, బాబిన్ల కింద పెట్టాను. ముందు చాయ్ ఇచ్చాను. బిస్కెట్లు పెట్టాను. ఇప్పుడు సొరుగుకు నా మోకాలు ఆనించి కూర్చుని రాస్తున్నాను.

వెతుకుతున్నారు. మేకు దగ్గర. చొక్కా జేబులు. టీవీ వెనక. వూఫర్ ఎత్తి దాని కింద. రజియా ఈపాటికి మూల మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉంటుంది. అక్షితకు జడలు వేస్తుంటారు.

"చాబీ సూసినవా?" అన్నారు, నా వైపు చూడకుండా, మంచం కింద వంగి.

చెప్పాను. మామూలు గొంతుతో, స్పష్టంగా చెప్పాను.

"నా తాన్నే ఉన్నది. ఇయ్య. ఈ రోజు సంది బస్సు తియ్యొద్దు."

అబద్ధం ఆడలేదు. దాచలేదు. అడిగిన దానికి జవాబు చెప్పాను. ఆయన ఇంకా మంచం కిందే వెతుకుతున్నారు. పాత చెప్పులు బయటికి తీస్తున్నారు. "యాడ పెట్టిన్నో ఏమో" అని తనను తానే తిట్టుకుంటున్నారు.

మళ్లీ చెప్పాను. వాన.

ఒక్క దెబ్బ కొడితే తిరుగుతారు. నా మొహం చూస్తారు. మొహం చూస్తే చదివేస్తారు, అంత బాగా నేర్చుకున్నారు.

కత్తెర నా చేతిలోనే ఉంది...